పెన్న ఇసుకలో మంచు పాఠం

పోయిన వేసవిలో వ్యాను బ్రేకులు సరిగా పడడం లేదని మా పామిడిలోనే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. కడప వైపు నుంచి వచ్చి కొత్తగా షెడ్డు పెట్టుకున్న మనిషి. చక్రాలు విప్పి చూశాడు. తర్వాత డ్రైవరు సీటు కింద తల దూర్చి, పెడల్‌ను చేత్తో తడిమాడు. లేచి చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"అక్కా, ఈ వ్యాను తోలేది ఎవరు?"

"నేనే."

"బ్రేకు మీది రబ్బరు ఎవరికైనా కుడిపక్క అరుగుతాది. దీనికి ఎడమపక్క అరిగిండాది. ఎడమకాలితో తొక్కుతావా ఏంది?"

"అవసరం పడినప్పుడు తొక్కుతా."

"అప్పుడు కుడికాలు ఏం చేస్తాంటాది?"

"యాక్సిలరేటరు తొక్కుతాంటాది."

అతను చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. "రెండూ ఒకేసారా? ఎవరక్కా నీకు నేర్పినది?"

"మంచులో బండ్లు తోలినాయన ఒకాయన" అన్నాను.

అతను షెడ్డు బయటికి చూశాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడి, పోయే ఆటోల చక్రాలకు చిటపటమని అంటుకుంటోంది. "మంచా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన పోయి రెండేళ్ళు దాటినా, ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు వచ్చేది నవ్వే.

ఊళ్ళో అందరూ ఆయన్ని మిలిట్రీ మామ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేదాన్ని. సైన్యంలో ఉత్తరాది మంచుకొండల మీద లారీలు నడిపి, రిటైరై వచ్చి, ఊరి బయట నాలుగెకరాల మెట్ట చేనులో శెనక్కాయలు వేసుకుంటూ ఉండేవాడు. అరవై దాటినా నడుము వంగలేదు. పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టి, పైన మాత్రం ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవాడు.

బస్టాండు దగ్గర టీ అంగడి బెంచీ మీద ఆయన చోటు ఖాయం. మే నెల మధ్యాహ్నం, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని నీడ వెతుక్కునే వేళ, ఆయన వేడి టీ గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని అరచేతులు కాచుకునేవాడు.

"ఆడ ఇట్ల గ్లాసు పట్టుకోని రెండు మాటలు మాట్లాడినావనుకో, మూడో మాటకు టీ మీద మంచు పలుకు కట్టేస్తాది. ఊపిరి విడిస్తే మీసం మీద గడ్డ అయితాది. మీసం ముట్టుకుంటే కిరకిరమంటాది."

చెప్తుంటే ఆయన భుజాలు నిజంగానే వణికేవి. చుట్టూ కూర్చున్నవాళ్ళు తువ్వాళ్ళతో చెమట తుడుచుకుంటూ ఊఁ కొట్టేవాళ్ళు. ఒకసారి పక్క అంగడాయన, "ఇంగ కొంచెంసేపు చెప్పు మామా, చల్లగా ఉండాది" అన్నాడు. ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

అన్ని కథల్లోకి పెద్ద కథ ఒకటి ఉండేది. సన్నటి కొండదారి, ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. లారీలు వరసగా పోతున్నాయి. ముందున్న లారీ మంచులో ఇరుక్కుంది. చక్రం గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. అది కదలకపోతే వెనకవన్నీ ఆగిపోవాలి. పొద్దు వాలుతోంది. అప్పుడు ఈయన ఆ లారీ ఎక్కి, ఎడమకాలితో బ్రేకు, కుడికాలితో యాక్సిలరేటరు కలిపి తొక్కి, దాన్ని పాము పాకినట్టు మెల్లగా బయటికి తెచ్చాడు. కథ అక్కడ అయిపోయేది. టీ కూడా.

ఇరుక్కున్న బండి కనిపిస్తే ఆయన దాటిపోలేకపోయేవాడు. ఒకసారి గుత్తికి బస్సులో పోతూ, దారి పక్క బురదలో దిగబడిన లారీని చూసి, "ఆపప్పా, ఆపు" అని కండక్టరు మీద అరిచి దిగిపోయాడట. లారీ బయటపడింది. బస్సు మాత్రం వెళ్ళిపోయింది. లారీ గుత్తికి వ్యతిరేక దిక్కుకు పోతోంది. దాంట్లోనే ఎక్కి ఇంటికొచ్చి, "గుత్తిలో పని అయిందా?" అని భార్య అడిగితే, "ఒక పని అయింది" అన్నాడట. ఇది ఆమె స్వయంగా నాకు చెప్పింది.

నేను ఆయన దగ్గరికి పోవడానికి కారణం మా మామగారు వదిలిపోయిన వ్యాను.

మాది బట్టల అంగడి. పామిడిలో నైటీలు కుట్టించి అమ్మే ఇళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో మాదీ ఒకటి. మామగారు ఉన్నంతకాలం ఆయనే వ్యాను నడుపుకుంటూ, ఏళ్ళుగా ఎండిపోయి ఇసుకే మిగిలిన పెన్న దాటి, అవతలి ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్ళకు బట్ట ఇచ్చి కుట్టించి, సంతలకు తీసుకుపోయేవాడు. ఆయన పోయాక వ్యాను అంగడి వెనక టార్పాలిన్ కింద పడి ఉంది. మా ఆయన ఒకసారి స్కూటరు మీద నుంచి పడి చెయ్యి విరిగినప్పటి నుంచి స్టీరింగు ముట్టుకోడు. అంగడికి వచ్చే జనం తగ్గారు. అవతలి ఒడ్డున కుట్టేవాళ్ళు "బట్ట యాడక్కా?" అని ఫోన్లు చేస్తున్నారు. వ్యాను అమ్మేద్దామని ఇంట్లో మాట వచ్చింది. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు.

"నేను నేర్చుకుంటా" అన్నాను.

మా అత్త తింటున్న ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "అంగడింటి కోడలు వ్యాను తోలేదా? రేపు క్లీనరుగా నన్ను రమ్మంటావేమో."

మా ఆయన మాత్రం, "నేర్చుకుంటానంటే నేర్చుకో. నన్ను మాత్రం పక్కన కూచోమనొద్దు" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున మిలిట్రీ మామ ఇంటికి పోయి విషయం చెప్పాను. ఆయన వేపపుల్ల నములుతూ విన్నాడు. నువ్వు ఆడదానివి, నీకెందుకు అని అనలేదు. పుల్ల పారేసి అడిగింది ఒకే ప్రశ్న.

"వ్యాను యాడ యాడ తోలల్ల?"

"సంతలకు. పెన్న దాటి అవతలి పల్లెలకు."

"వంతెన మీదనా, ఇసుకలోనా?"

"వంతెన మీద పోతే చుట్టు మామా. అందరూ ఇసుకలోనే పోతారు కదా."

ఆయన ముఖం వెలిగిపోయింది. మంచి ప్రశ్నకు ఎవరో మంచి జవాబు చెప్పినట్టు. "అట్లయితే నీకు మంచులో తోలేది నేర్పల్ల" అన్నాడు.

నెల రోజుల్లో గేర్లు, క్లచ్చి, రోడ్డు మీద నడపడం వచ్చేశాయి. పక్క సీట్లో కూర్చుని ఆయన అరిచేవాడు కాదు. తప్పు చేస్తే పాట ఆపేసేవాడు. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు, అది ఆగిందంటే నేనేదో చెడగొట్టానని అర్థం. కానీ ఆయన ఎడమకాలు మాత్రం ఊరుకునేది కాదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉండేది. ఎడమ సీటు కింద రబ్బరు చాప ఆ చోట చిరిగిపోయింది.

తర్వాత అసలు పాఠం మొదలైంది.

"చెప్పు విడువు. ఎడమకాలిది. ఎడమకాలితో తొక్కేది కాదు పాపా, ముట్టుకునేది. చెప్పుంటే దానికి తెలీదు."

విడిచాను. ఆయన సంచిలో నుంచి పండిన టమాటా ఒకటి తీసి నా కాలి ముందు నేల మీద పెట్టాడు.

"దీని మీద పాదం పెట్టు. నొక్కు. టమాటాకు తెలియల్ల నువ్వు నొక్కుతాండావని. అయితే పగలకూడదు."

మొదటిది చిట్లి చీర మీద పడింది. రెండోదీ అంతే. ఆ వారమంతా నేను ఇంట్లో కూడా సాధన చేశాను. వంటింట్లో కూర్చుని కాలికింద టమాటా పెట్టుకున్న నన్ను చూసి మా అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమే, ఇది డ్రైవింగా, వ్రతమా?" అంది. పగిలినవన్నీ పారేయమని చెప్పింది. వారం చివర ఒక టమాటా నా పాదం కింద నొక్కుకుపోయి, పగలకుండా మిగిలింది. దాన్ని తీసుకుపోయి ఆయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కాకు తుడిచి, తినేశాడు.

ఇక మంచు కావాలి. అనంతపురం జిల్లాలో మంచు ఎక్కడ దొరుకుతుంది? ఆయనకు తెలుసు. శెనక్కాయలు కొట్టే మిల్లు వెనక పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. మిల్లు యజమానిని ఒప్పించి, ఒక ఆదివారం ఆ పొట్టును మిల్లు దొడ్డినిండా మోకాటి లోతు పరిపించాడు. ఎండలో పొట్టు తెల్లగా, మెత్తగా మెరుస్తోంది. గాలికి పైకి లేచి, తలల మీద పడుతోంది. ఊళ్ళో సగం మంది వచ్చి గోడ ఎక్కి కూర్చున్నారు.

"ఇదేనప్పా మంచు" అని ఆయన గోడ వైపు తిరిగి ప్రకటించాడు. "ఇంగ చలి ఒకటే తక్కువ."

వ్యానును పొట్టులోకి దించాను. పది అడుగులు పోయి ఆగిపోయింది. ఎంత తొక్కినా వెనక ఒక చక్రం గిర్రున తిరిగి, పొట్టును ఫౌంటెన్లా ఎగజిమ్ముతోంది. గోడ మీదివాళ్ళు ఈలలు వేశారు.

ఆయన కూనిరాగం ఆపాడు. "యాక్సిలరేటరు విడువు. ఇప్పుడు విను. వెనక చక్రాలు రెండూ అన్నదమ్ములు అనుకో. ఒకనికి కింద గట్టినేల ఉండాది, బరువు మోయల్ల. ఇంగొకనికి కింద ఏమీ లేదు, ఊరికే తిరుగుతాండాడు. ఈ ఇంజను ఉండాదే, దానికి న్యాయం తెలీదు. బలమంతా ఊరికే తిరిగేవానికే ఇచ్చేస్తాది. పని చేసేవానికి ఏమీ మిగలదు. అర్థమయిందా?"

"అయింది."

"నువ్వు బ్రేకు కొంచెం ముట్టుకుంటే, ఊరికే తిరిగేవానికి కళ్ళెం పడతాది. అప్పుడు బలం రెండోవానికి పోతాది. వాడు లాగుతాడు. మొదటి గేరు వేసి, క్లచ్చి పూర్తిగా విడిచేయ్. ఎడమకాలు ఖాళీ అయిందా? దాన్ని బ్రేకు మీదికి తెచ్చుకో. కుడికాలితో అట్లే తొక్కుతా ఉండు. కుడికాలికి ఎప్పుడూ తొందరే. ఎడమకాలితో దానికి బుద్ధి చెప్పు. ఎక్కువసేపు వద్దు, బ్రేకులు కాలిపోతాయి."

మొదటిసారి బ్రేకు గట్టిగా పడి ఇంజను ఆగిపోయింది. రెండోసారి చాలలేదు. మూడోసారి పాదం కింద పెడల్ లోపల ఏదో మెత్తగా బిగుసుకున్నట్టు తెలిసింది. చక్రం గోల తగ్గింది. వ్యాను ఒకసారి ఒళ్ళు విరుచుకుని, ముందుకు పాకింది. అంగుళం. అడుగు. తర్వాత నడక. గోడ మీద నుంచి కేకలు, చప్పట్లు. అవతలి చివరికి పోయి వ్యాను దిగేసరికి నా జుట్టు, కనుబొమలు, జాకెట్టు అంతా పొట్టు. ఆయన మీసం కూడా తెల్లటి పొట్టుతో నిండిపోయి ఉంది. దాన్ని ముట్టుకుని, "కిరకిరమనలేదే" అన్నాడు.

ఆ తర్వాత ఏడాది దాకా నేను వారానికి రెండుసార్లు పెన్న దాటాను. ఇసుకలో చాలాసార్లు దిగబడ్డాను, చాలాసార్లు బయటికొచ్చాను. ఆయన పక్కన లేకుండానే. అందుకే అసలు పరీక్ష వచ్చిన రోజు ఆయన పక్కన ఉండడం నా అదృష్టం అనాలో, ఆయన దురదృష్టం అనాలో నాకిప్పటికీ తెలియదు.

వినాయకచవితి పోయిన తర్వాత ఒక సాయంత్రం. అంతకు పది రోజుల ముందు మేకలకు ఆకు కోయబోయి చెట్టు మీద నుంచి పడి, ఆయన కుడికాలికి పట్టీ వేయించుకున్నాడు. ఇంట్లో కూర్చోలేక, "నన్ను కూడా తిప్పుకోని రా పాపా" అని పొద్దునే వ్యాను ఎక్కాడు. అవతలి పల్లెలో కుట్టిన నైటీలు మూటలు కట్టుకుని తిరిగి వస్తున్నాం. వెనక మూటల మీద సుంకులమ్మ కూర్చుంది. మాకు చాలా ఏళ్ళుగా కుడుతున్న మనిషి, మంచి భారీ శరీరం, అంతకంటే భారీ గొంతు. కూతురింటికి పామిడి వస్తోంది.

ఏటి మధ్యకు వచ్చాం. ఎవరో ఇసుక తవ్వుకుపోయిన గుంత ఒకటి పైన గాలికి పూడి, నేలలా కనిపించింది. ఎడమ వెనక చక్రం దాంట్లో పడింది. వ్యాను ఒక పక్కకు ఒరిగి ఆగింది.

"కంగారు లేదు" అన్నాడు ఆయన. కంగారు నాకూ లేదు. దిగి చక్రం ముందు ఇసుక కొంచెం చేత్తో తోడాను. అప్పుడు దూరంగా పామిడి ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. జనం గట్టు మీద పరుగులు పెడుతున్నారు. ఎవరో తువ్వాలు ఊపుతున్నారు. గాలికి మాటలు ముక్కలుగా వచ్చాయి.

"ఏరు... వస్తాండాది... ఏరు!"

ఎగువన రెండు రోజులుగా వానలని విన్నాం. కానీ పెన్నలో నీళ్ళు వస్తాయని మేమెవరం అనుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా రాలేదు. తల తిప్పి చూస్తే, పడమటి వైపు ఇసుక మీద ఎర్రటి గీత ఒకటి కదులుతోంది. గీత ముందు నురుగు, పుల్లలు, ఎండిన కంప, ప్లాస్టిక్ సీసాలు. మనిషి నడిచే వేగంతో వస్తోంది. దాని చప్పుడు, వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు, పొడి ఇసుక నీళ్ళు తాగే చప్పుడు.

నేను సీట్లోకి ఎగిరి కూర్చున్నాను. అప్పుడే వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. సుంకులమ్మ దిగింది. చీర కొంగు తల మీదికి కప్పుకుని, రెండు చేతులూ జోడించి, నీళ్ళకు ఎదురు నడుస్తోంది.

"సుంకులమ్మా! యాడికి పోతాండావు? ఎక్కు!" అని అరిచాను.

"ఉండు తల్లీ! ఇన్నేండ్లకు ఏటితల్లి ఇంటికొస్తాండాది. ఎదురుపోకుండా వ్యానులో కూచుంటే ఏమనుకుంటాది?"

"కొట్టుకుపోతావు!"

"పసుపు కుంకుమ లేకపాయనే" అని ఆమె బాధ ఆమెది.

మిలిట్రీ మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు. సైన్యం గొంతు ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. "సుంకులమ్మా! మొక్కుబడి తీర్చుకుంటువు గాని, ముందు వచ్చి ఎడమపక్క చక్రం మీద కూచో! నీ బరువుతో పని ఉండాది!"

ఆ గొంతుకో, తన బరువుకు ఇన్నాళ్ళకు దొరికిన గౌరవానికో, ఆమె పరుగున వచ్చి ఎడమ చక్రం పైన మూటలు నెట్టి కూర్చుంది.

మొదటి గేరు. క్లచ్చి విడిచాను. చక్రం తిరిగింది, ఇసుక ఎగిరింది, వ్యాను ఇంకో రెండు అంగుళాలు కిందికి దిగింది. ఎడమకాలు బ్రేకు మీదికి తెచ్చాను. చెప్పు తీయడం మరిచిపోయాను. పెడల్ ఎంత పడిందో తెలియలేదు. ఇంజను దడదడలాడి ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడు దగ్గరయింది. తాళం తిప్పితే మళ్ళీ స్టార్టు కాలేదు. రెండోసారికి అయింది. పక్కకు చూశాను, ఏదైనా చెప్తాడని. ఆయన ముఖం పాలిపోయి ఉంది. పట్టీ వేసిన కాలును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఆయన అంత భయపడగా నేను అంతకుముందు చూడలేదు. అయినా గొంతు మాత్రం మెల్లగా, టీ అంగడి ముందు మాట్లాడినట్టే వచ్చింది.

"చెప్పు, పాపా. చెప్పు విడువు."

విసిరేశాను.

"టమాటా."

అంతే అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నానేమో కూడా. కుడికాలు సమంగా ఉంచి, ఎడమ అరికాలితో పెడల్‌ను వెతికాను. ముట్టుకున్నాను. ఇంకొంచెం. చక్రం అరుపు మారింది. రొప్పు తగ్గి, మూలుగు అయింది. కుడి చక్రం పట్టుకుంది. వ్యాను లేచింది, ఒకసారి వెనక్కి జారబోయి, ఆగి, ముందుకు పాకింది. గుంతలోంచి బయటపడిన కుదుపు తెలిసింది. బ్రేకు విడిచేశాను. ఇక ఆపలేదు. సుంకులమ్మ వెనక నుంచి దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలుస్తోంది. చక్రాల కింద తడి తగిలింది, నురుగు ఎగిరి అద్దం మీద పడింది. ఒడ్డు ఎక్కి, గట్టు మీద జనం మధ్యలో ఆపాను.

వెనక్కి చూస్తే మేం ఉన్న చోటు లేదు. ఎర్రటి నీళ్ళు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరుచుకుంటున్నాయి. మా వ్యానును ఎవరూ పట్టించుకోలేదు. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లుతున్నారు, టెంకాయలు కొడుతున్నారు. ఎవరి దగ్గరో లాక్కుని సుంకులమ్మ గుప్పెడు పసుపు నీళ్ళలోకి విసిరింది. ఎప్పుడు వచ్చిందో మా అత్త, మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని నీళ్ళలో నిలబడి, నన్ను చూసి, "రావే, రా! మళ్ళా ఎప్పుడొస్తాదో!" అని పిలుస్తోంది. మేం ఇప్పుడే దాంట్లోంచి బయటపడ్డామని ఆమెకు తెలియదు.

మిలిట్రీ మామ సీట్లోంచి దిగలేదు. నేను అటువైపు పోయి తలుపు తెరిచాను. ఆయన కళ్ళలో నీళ్ళు.

"కాలు నొప్పిగా ఉందా మామా?"

"లేదు." ఏటి వైపు తిరిగాడు. "నీకొకటి చెప్పల్ల. ఆ పొద్దు మంచులో లారీ తీసింది నేను కాదు."

నేను తలుపు పట్టుకుని దగ్గరికి జరిగాను.

"ఇరుక్కున్న లారీ నాదే. కొత్తగా పోయిండా. చక్రం జారి, లోయ పక్కకు తిరిగింది. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. వెనక లారీలో నుంచి, కొండల్లోనే పుట్టి పెరిగిన డ్రైవరు పిల్లోడు ఒకడు వచ్చి, నన్ను ఎడమ సీటుకు జరగమని, వాడు తీసినాడు. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ తొక్కి. నేను పక్కన కూచోని ఏడుస్తాండా. బయటికి వచ్చినాక వాడు నా భుజం తట్టి దిగిపోయినాడు. ఎవురికీ చెప్పలేదు. నన్ను ఒక మాట అనలేదు. తర్వాత నెలంతా నాకు నేర్పినాడు."

"మరి కథలో మీరే తీసినట్టు..."

"మొదట వాని కథే చెప్పబోయినా పాపా. ఊరికొచ్చినాక మొదటిసారి చెప్తాంటే, మా నాయన ముందర కూచోని వింటాండాడు. ఆయన మొగం చూసి, నోట్లోంచి 'నేను' అని వచ్చేసింది. ఇంగ మార్చుకోలేకపోయినా." మీసం తుడుచుకున్నాడు. "ఈ పొద్దు మళ్ళా ఎడమ సీట్లో కూచున్నా. అదే భయం. అయితే ఈసారి బండి తీసిన పిల్లకు నేర్పింది నేను. అది అబద్ధం కాదు గదా?"

"కాదు మామా."

"నేను పోయినాక చెప్పుకో. ముందు వద్దు. టీ అంగడోనికి బేజారయితాది."

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఎంతసేపు నవ్వామో తెలియదు. కట్టు తడవకూడదని డాక్టరు చెప్పాడని గుర్తు చేస్తున్నా వినకుండా నా భుజం పట్టుకుని దిగి, ఒంటికాలి మీద కుంటుతూ పోయి, పెన్న నీళ్ళు దోసిట్లో తీసుకుని తల మీద పోసుకున్నాడు.

ఆ రహస్యం నా దగ్గరే ఉండిపోయింది. టీ అంగడిలో ఆయన పాత కథ పాత పద్ధతిలోనే చెప్పేవాడు. నేను అటుగా పోతే మాత్రం కాస్త దగ్గి, "ఆడ మావాడొకడు ఉండె, బలే డ్రైవరు" అని ఆ కొండ పిల్లవాణ్ణి ఏదో ఒక మూల నుంచి కథలోకి తెచ్చేవాడు. పోను పోను ఆ పిల్లవాడు కథలో పెద్దవాడయ్యాడు.

చివరి ఏడాది ఆయనకు గుండె జబ్బు వచ్చింది. పదిహేను రోజులకొకసారి అనంతపురం ఆసుపత్రికి పోవాలి. ఆటో వద్దు, బస్సు వద్దు అని, నా వ్యానులోనే పోయేవాళ్ళం. ఆయన ఎడమ సీట్లో, ఆయన భార్య వెనక. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా కిటికీలోంచి చేన్లు చూస్తూ ఉండేది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నాం. డాక్టరు మంచి మాటలే చెప్పాడు. ఆయన హుషారుగా ఉన్నాడు. ఈ ఏడు శెనక్కాయలు కాకుండా కంది వేద్దామా అని భార్యతో వాదించాడు. నా గేరు మార్చడంలో ఒక తప్పు పట్టాడు. తర్వాత మాటలు తగ్గాయి. గార్లదిన్నె ఇంకా రాలేదు, పక్క నుంచి సన్నగా గురక వినిపించింది. చూస్తే తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు.

వెనక నుంచి ఆయన భార్య ముందుకు వంగింది. ఆయన ముఖంలోకి చూసింది. గొంతు బాగా తగ్గించి నాతో అంది:

"పెండ్లయి నలభై ఏండ్లు దాటె. ఇంగొకరు తోలే బండిలో ఈ మనిషి కునుకు తీసింది నేను చూళ్ళేదు పాపా. రాత్రి బస్సులో కూడా డ్రైవరును చూసుకుంటా కూచుంటాడు."

స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. లైసెన్సు చేతికిచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. గుంతలు రాకుండా చూసుకుంటూ, వేగం తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. శెనక్కాయల లోడుతో ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. తర్వాత ఒక సైకిలాయన కూడా దాటుకుని, వెనక్కి తిరిగి వింతగా చూశాడు. వెనక బస్సు ఒకటి వచ్చి హారను కొట్టబోయింది.

ఆమె గబుక్కున కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. గాజుల చప్పుడు కాకుండా ఇంకో చేత్తో వాటిని పట్టుకుని, పక్కనుంచి పొమ్మని బస్సుకు సైగ చేసింది.